గొడుగులు బాగుచేసే ఆయన

మీ పేరు దాచి మిమ్మల్ని కాపాడతామని ఎవరైనా వచ్చి చెబితే, ఎవరి నుంచి అని మీరు అడుగుతారా?

నన్నెవరూ అలా కాపాడతామనలేదు కాబట్టి ఆ ప్రశ్న నాకు ఎన్నడూ తట్టలేదు. అడిగింది నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద సూట్‌కేసులు బాగుచేసే ఒక పెద్దావిడ. అప్పుడు ఆమెను కాపాడతానన్నది నేను. ఆ ప్రశ్నకు నేను చెప్పిన జవాబు, చెప్పిన రోజున, ఎక్కడా పొల్లుపోని జవాబు. అదే జవాబు ఈనాడు ఆమె కూర్చునే చోటుకు అడ్డం వచ్చి నిలిచింది. దాన్ని తొలగించే దారి నాకు తెలియదు. తెలియకే ఇది రాస్తున్నాను.

మా ముత్తాత ప్రభుత్వ ఫైళ్ల పెట్టెలతోపాటు గుంటూరు నుంచి కర్నూలుకూ, కర్నూలు నుంచి హైదరాబాదుకూ వచ్చిన గుమాస్తా. యాభై ఆరులో అబిడ్స్ పోస్టాఫీసు వెనక సందులో కిరాయికి దిగిన మా కుటుంబం ఆ తర్వాత ఇళ్లు మారింది గాని సందు మారలేదు. ఇంట్లో మాది ఒక తెలుగు; మెట్లు దిగితే మరో తెలుగు. రెండూ నావేనని నేను అనుకుంటాను. సందులోవాళ్లు మాత్రం ఇప్పటికీ నేను నోరు తెరవగానే ఏ ఊరని అడుగుతారు. ఈ ఊరేనంటే నవ్వుతారు.

బషీర్‌బాగ్ వైపున్న కాలేజీలో డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను చదివినదానికన్నా వాదించినదే ఎక్కువ. డిబేట్ పోటీల్లో నాణెం ఎగరేసి, ఎవరు అనుకూలమో ఎవరు ప్రతికూలమో తేల్చేవారు. పొద్దున ఒక తీర్మానాన్ని సమర్థించి, భోజనం చేసి వచ్చి దాన్నే ఖండించిన రోజులున్నాయి. ఇలా చేస్తే మనిషికి నిలకడ పోతుందని మా నాన్న భయపడేవారు. నాకు మాత్రం దానివల్ల ఒక గట్టి నమ్మకం కలిగింది: సరిగ్గా వేసిన ప్రశ్నకు ఎక్కడో ఒకచోట సరైన జవాబు ఉండే తీరుతుంది. ఆ నమ్మకంతోనే సమాజశాస్త్రం ఎంచుకున్నాను. స్కాలర్‌షిప్ వచ్చి, బ్రిటన్ ఉత్తరాన ఉన్న ఒక నగరంలో ఎం.ఏ. సీటు దొరికినప్పుడు బంధువులందరూ అది ఏ ఉద్యోగానికి దారితీస్తుందని అడిగారు. నాన్న వేసిన ప్రశ్న ఇంకొకటి. వాళ్ల ఊళ్లో మనుషుల గురించి వాళ్లు చదువుకుంటారు, మధ్యలో మనమెందుకమ్మా అన్నారు. నేను ఆయనకు ఓ పావుగంట జవాబు చెప్పాను. అంతా విని, అటక మీద ఉన్న తన పాత సూట్‌కేసు దించి ఇచ్చారు. దాని చక్రాలు రెండూ విరిగి ఉన్నాయి.

అలా వెళ్లాను ఆమె దగ్గరికి. అబిడ్స్ నుంచి స్టేషన్‌కు పోయే దారిలో, ఎప్పుడో మూతపడిన ఒక ఫొటో స్టూడియో షట్టర్ ముందు నీలం టార్పాలిన్. దాని కింద ఒక ఇనుప పెట్టె. పెట్టెను కరెంటు స్తంభానికి కట్టేసిన గొలుసు. తాడుకు వేలాడుతూ జిప్పులు, పిడులు, చక్రాలు. భర్త చేసిన పని, ఆయన పోయాక ఆమె చేస్తోంది. రైలు ఎక్కబోతూ పిడి ఊడినవాళ్లు, రైలు దిగగానే జిప్పు పగిలినవాళ్లు, విమానం ఎక్కబోతూ చక్రాలు మార్పించుకునే నావంటివాళ్లు, అందరూ ఆ షట్టర్ ముందుకే వచ్చేవారు. చక్రాలు బిగించాక సూట్‌కేసును నా చేతికిచ్చి, పెచ్చులూడిన ఆ రాళ్ల మీద ఆ చివరి దాకా లాక్కుపోయి రమ్మంది.

"గీడ నడిస్తే ఏడనైనా నడుస్తది," అంది.

ఎక్కడికి పోతున్నావని అడిగింది. ఊరి పేరు చెప్పాను. లండన్ అన్నమాట అంది. కాదు, దూరం అన్నాను. లండన్ పక్కన అంది. అక్కడితో ఆ వాదన నేను ఓడిపోయాను.

చక్రాలు ఆ ఊళ్లోనూ నడిచాయి. నేను నడవడానికే కొంతకాలం పట్టింది. అక్కడి తరగతిలో వాదనకు గంట మోగదు. గెలిచినవారెవరో చెప్పే న్యాయనిర్ణేత ఉండడు. నేను లేచి మూడు అంశాలతో, ఉపసంహారంతో మాట్లాడితే, తోటి విద్యార్థులు శ్రద్ధగా విని చాలా ఆసక్తికరంగా ఉందనేవారు. అది మెచ్చుకోలని చాలాకాలం అనుకున్నాను. ఇక ఈ సంగతి వదిలేద్దామని చెప్పే మర్యాద అదేనని తెలిసేసరికి చలికాలం వచ్చింది. ప్రతి వారమూ, ఏ పాఠమైనా, చివరికి అందరి చూపూ నా మీదికి తిరిగేది: మీ దేశంలో ఇది ఎలా ఉంటుంది? నా దేశంలో నాకు తెలిసింది ఒక సందు, ఒక కాలేజీ, ఈ మొజంజాహీ మార్కెట్ చుట్టుపక్కలి రోడ్లు. అంతకు మించి చెప్పిన ప్రతిసారీ అబద్ధం చెబుతున్నట్టే ఉండేది. చెప్పకపోతే నా కుర్చీ ఖాళీగా ఉన్నట్టుండేది.

అందుకే పరిశోధనా వ్యాసానికి విషయం ఎంచుకోవలసి వచ్చినప్పుడు నాకు తెలిసిన రోడ్డునే ఎంచుకున్నాను. ఫుట్‌పాత్ మీద ఒక చోటు ఒకరిదని అందరూ ఎలా ఒప్పుకుంటారు? కాగితం లేకుండా, గోడ లేకుండా, ఇది ఫలానావారి జాగా అని పక్కవాడికి ఎలా తెలుస్తుంది? నా ప్రశ్న అదే. ప్రొఫెసర్‌కు నచ్చింది. ఆమె నెమ్మదస్తురాలు, నా ఉపన్యాసాలను మధ్యలో ఆపకుండా, అయిపోయాక ఒకే ఒక్క ప్రశ్న వేసేది. ఈసారి వేసిన ప్రశ్న ఇది: నువ్వు రాసింది చదివి ఎవరైనా ఆ మనిషిని వెతుక్కుంటూ వెళితే?

పరిశోధన మొదలుపెట్టే ముందు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ, అంటే నైతిక సంఘం, అనుమతి కావాలి. మనుషుల గురించి రాసే ప్రతి విద్యార్థీ ముందుగా వాళ్లకు మాట ఇవ్వాలి: మీ పేరు బయటపెట్టను, మీ ఫొటో తీయను, మీ గొంతు రికార్డు చేసుకున్నా చదువు పూర్తికాగానే చెరిపేస్తాను. వేరే దేశాల నుంచి వచ్చి, పేదవాళ్ల జీవితాలు రాసుకుని, పేర్లతో సహా అచ్చువేసుకుని, వాళ్లను పోలీసులకూ పెద్దమనుషులకూ వదిలేసి వెళ్లిపోయినవాళ్ల కథలు ఆ తరగతిలోనే విన్నాను. ఆ నియమం ఆ సిగ్గులోంచి పుట్టింది. అది మంచి నియమమని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. ఈ వాక్యం దాటిపోకండి. తర్వాత చెప్పబోయేదంతా దీని పక్కన నిలబెట్టి చూడవలసిందే.

ఆ వానాకాలం ఇంటికి వచ్చి, ఆమె పెట్టె పక్కన ఒక బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాను. నన్ను గుర్తుపట్టలేదు. సూట్‌కేసును గుర్తుపట్టింది. తెలుగులోకి నేనే మార్చిన అంగీకార పత్రం చదివి వినిపించాను. గోప్యత, స్వచ్ఛందం, ఉపసంహరణ వంటి మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆమె ఒక జిప్పు పళ్లు సరిచేస్తూ చివరిదాకా విని, మీ ఆంధ్రోళ్లు ఏది చెప్పినా పెళ్లి మంత్రాల లెక్క చెప్తరు అంది. మామూలు మాటల్లో చెప్పాను.

"అంటే నా పేరు రాయవా?"

"రాయను పెద్దమ్మా. మీకు ఏ ఇబ్బందీ రాకూడదని."

"ఎవలతోని ఇబ్బంది? పోలీసోళ్లకు నా పేరు ఎరుకనే. మున్సిపాల్టోళ్లకు ఎరుకనే. టేషన్ల కూలోళ్లకు ఎరుకనే. ఇగ ఎవలకెల్లి దాస్తవ్?"

ఇది మంచి ప్రశ్న అని నాకు తెలుసు. మంచి ప్రశ్నకు ఎదురు నిలబడి మాట్లాడటం నాకు నేర్పిన విద్య. పోలీసులకు మీ పేరు తెలుసు గాని, మీరు వాళ్ల గురించి నాతో ఏమన్నారో తెలియదు కదా అన్నాను. పేరు దాచేది మాట బయటికి రావడానికే అన్నాను. ఔ, అదీ నిజమే అంది. తర్వాత గొణుక్కున్నట్టుగా, ఒక్కసారన్న పుస్తకంల పేరొస్తే మంచిగుండు అంది. ఆ రెండో మాట ప్రశ్న కాదు కాబట్టి జవాబు అక్కర్లేదని అనుకున్నాను. ఆమె సంతకం చేసింది. ఇంటిపేరుతో సహా, గీత దాటి పక్కకు పోయేంత పెద్ద అక్షరాలతో.

ఆ తర్వాత వారాల తరబడి ఆమె మాట్లాడింది, నేను విన్నాను. వాన పెద్దదైతే ఇద్దరం షట్టర్‌కు వీపులానించి నిలబడేవాళ్లం. రికార్డింగుల నిండా రైల్వే అనౌన్స్‌మెంట్లు, ఆమె సుత్తి చప్పుడు, మధ్యలో కస్టమర్లతో తగువులు. పక్కన చాయ్ తాగేవాళ్లు ఎవరీ పిల్ల అని అడిగితే, నా మాటలు పట్టుకపోయి లండన్ల అమ్ముతది అని చెప్పేది. నేను ఉలిక్కిపడితే నవ్వేది. ఆ చోటు ఆమెదని అందరికీ ఎలా తెలుసో ఆమె మాటల్లోనే విన్నాను: భర్త పోయిన నెల ఆ షట్టర్ ముందు ఎవరూ కూర్చోలేదు. పక్కన బెల్టులమ్మే అతను తన బుట్టను ఒక అడుగు కూడా జరపలేదు. ఆమె తిరిగి వచ్చేదాకా గొలుసు స్తంభానికి అట్లాగే ఉంది. అదే తనకు పట్టా అంది. మున్సిపాలిటీవాళ్లు జరిమానా వేసినప్పుడు రసీదు అడిగితే ఎక్కువ కట్టాలి, అడక్కపోతే తక్కువతో పోతుంది. కాబట్టి ఎన్నడూ రసీదు అడగలేదు. ఆ మాట నవ్వుతూ చెప్పింది. నేను కూడా నవ్వుతూనే రాసుకున్నాను.

తిరిగి వెళ్లి వ్యాసం రాయడం మొదలుపెట్టాక ప్రొఫెసర్ మళ్లీ ఒకే ప్రశ్న వేసింది. ఆ రోడ్డులో సూట్‌కేసులు బాగుచేసే ఆడవాళ్లు ఎంతమంది? ఒక్కరే అన్నాను. అయితే పేరు దాచి ఏం లాభం, ఆ రోడ్డున పోయే ఎవరైనా ఆమె అని పట్టేస్తారు కదా అంది. నిజమే. మా శాస్త్రంలో అటువంటప్పుడు చేసే పని ఒకటుంది: మనిషిని మార్చడం. సారాంశం చెడకుండా ఊరు, వృత్తి, వయసు, ఆడా మగా మార్చి రాయవచ్చు. మార్చామని మొదటి అధ్యాయంలో ఒక వాక్యం రాస్తే చాలు. ఏవి మార్చామో మాత్రం చెప్పకూడదు. నేను చాలా శ్రద్ధగా చేశాను ఆ పని. హైదరాబాదు దక్షిణాదిలోని ఒక పెద్ద నగరమైంది. రైల్వే స్టేషన్ బస్టాండు అయింది. సూట్‌కేసులు గొడుగులైనాయి. ఆమె ఆయన అయింది. తొలి రెండు పేజీలు రాస్తున్నప్పుడు ఆ 'ఆయన' దగ్గర చెయ్యి ఆగేది. మూడో పేజీకి అలవాటైపోయింది.

డిగ్రీ వచ్చింది. కొన్నాళ్లకు యూనివర్సిటీ నుంచి గుర్తుచేస్తూ ఒక మెయిల్ వచ్చింది: మీరు ఇచ్చిన మాట ప్రకారం రికార్డింగులు, అంగీకార పత్రాలు, అసలు పేర్ల వివరాలు చెరిపివేసినట్టు ధ్రువీకరించండి. చెరిపే ముందు ఒక రికార్డింగు చివరిసారి విన్నాను. అందులో ఆమె తన పెళ్లి గురించి చెబుతూ చెబుతూ ఆగి, ఎవరి బ్యాగు పిడో చూసి, దీన్ని ఎవడు కుట్టిండు, వాని చేతులు ఇరగ అంటుంది. వింటూ నవ్వుకుని, అన్నీ చెరిపేసి, ధ్రువీకరించాను. మాట నిలబెట్టుకున్న తృప్తి ఆ రోజు నాకు నిజంగానే కలిగింది.

అక్కడ ఉద్యోగం దొరకలేదు. వీసా గడువు ముగిసింది. నాన్న సూట్‌కేసుతో మళ్లీ మా సందుకే వచ్చాను. సర్వేలు చేసే సంస్థలకు దరఖాస్తులు పెట్టుకుంటూ, వాళ్లు పిలిచినప్పుడు వెళుతూ, పిలవనప్పుడు సుల్తాన్ బజార్ దాకా అమ్మతో నడిచి వస్తూ ఉండగా, మొజంజాహీ మార్కెట్ దగ్గర పళ్ల బండ్ల మధ్యలోంచి ఎవరో గట్టిగా పిలిచారు.

"ఏయ్, లండన్ పిల్లా. నా పుస్తకం ఏడ?"

మనిషి చిక్కిపోయింది. రోడ్డు మీదే, అమ్మ ఎదుటే, జరిగిందంతా చెప్పింది. ఫుట్‌పాత్‌లు కొత్తగా వేస్తున్నారు. వేసేముందు వీధి వ్యాపారులను లెక్కపెట్టారు. లెక్కలోకి ఎక్కినవాళ్లకు కార్డు ఇచ్చి, కొత్త ఫుట్‌పాత్ మీద గీత గీసి చోటిస్తారట. లెక్కపెట్టేవాళ్లు వచ్చినప్పుడు ఆమె కూతురి కాన్పుకు జహీరాబాద్‌లో ఉంది. తిరిగి వచ్చేసరికి గొలుసు కోసి పెట్టెను లారీలో వేసుకుపోయారు. బెల్టుల అతనికి కార్డు వచ్చింది. సాక్ష్యం చెప్పమని అతన్ని అడిగింది. గీతలు గీసేవి కొన్నే, ఒకటి ఎక్కువైతే నాదెక్కడ పోతుందోనని భయమేస్తుందక్కా, తప్పుగా అనుకోకు అన్నాడట. ఆమె తప్పుగా అనుకోలేదు. అతని మీద కోపం నాకే వచ్చింది. ఆమె మాత్రం, వానికి ఇద్దరు పిల్లలు అని ఊరుకుంది. ఇన్నేళ్లుగా ఆమె అక్కడ కూర్చున్నదనడానికి రుజువు తెస్తే పరిశీలిస్తామని మున్సిపల్ ఆఫీసులో చెప్పారు. ఆధార్‌లో ఉన్నది ఇంటి చిరునామా. రసీదులు ఎన్నడూ అడగలేదు.

"నాకేం ఫికర్ లేదన్న సార్లతోని. నా మీద లండన్ల పుస్తకం రాసిన్రు, తీస్కొస్తా అన్న."

మర్నాడు పొద్దున అట్ట వేయించిన నా వ్యాసం ప్రతి తీసుకుని వెళ్లాను. ఆమె ఉండేది తన పాత చోటికి ఎదురుగా, రోడ్డుకు అవతల. పనిముట్లు ఒక చేతిసంచిలో ఉన్నాయి. పాత కస్టమర్లు వచ్చి షట్టర్ ముందు వెతుక్కుంటుంటే ఇటు నుంచి కేకేసి పిలుస్తోంది. పుస్తకం చేతిలోకి తీసుకుని, చీర కొంగుతో అట్ట తుడిచి, నేను ఏడున్న అని అడిగింది. నాలుగో అధ్యాయం తెరిచి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఆయన రోజూ బస్టాండు ముందు కూర్చుంటాడు. ఆయన గొడుగు పుల్లలు సరిచేస్తాడు. ఆయన భార్య పోయిన నెలలో ఆ చోట ఎవరూ కూర్చోలేదు.

ఆమె చాలాసేపు ఓపిక పట్టింది.

"గీయన ఎవడు?"

"మీరే, పెద్దమ్మా."

నా ముఖంలోకి చూసింది. ఆటపట్టిస్తున్నాననుకుంది. కాదని తెలిశాక నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, పక్కన కొబ్బరికాయలు అమ్మే ఆమెను పిలిచి, చూసినవా, గీ పోరి నన్ను మొగోన్ని చేసింది, బస్టాండుల కూసోబెట్టింది అని చెప్పింది. మా ఆయనకు కూడా గొడుగు బాగుచేసుడు రాకపోయె అంది. తర్వాత పుస్తకం మూసి, నవ్వు పూర్తిగా ఆరక ముందే అడిగింది.

"మరి ఆఫీసుల ఏం జూపియ్యాలె బిడ్డా?"

అయినా వెళ్లాం. ఆమె కస్టమర్‌గా, ఆమె పక్కన ఒక వానాకాలమంతా కూర్చున్న మనిషిగా, నేను చూసినదంతా ఒక వాంగ్మూలంగా రాసి, సంతకం పెట్టి తీసుకెళ్లాను. ఆ ఆఫీసులోని అధికారి చెడ్డవాడని రాయడం సులువు. అది నిజం కాదు. మమ్మల్ని కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు, నా వాంగ్మూలం ఓపికగా చదివాడు. ఆమె పుస్తకం సంగతి అంతకుముందే చెప్పి ఉంది కాబట్టి అదీ అడిగి తీసుకున్నాడు. ఇంగ్లీషు బాగా వచ్చినవాడు. నాలుగో అధ్యాయంలో వేలు పెట్టి అటూ ఇటూ చూశాడు.

"మీ కాగితంల సూట్‌కేసులు, ఆమె. మీ పుస్తకంల గొడుగులు, ఆయన. ఏది నిజం మేడమ్?"

నైతిక నియమాల గురించి చెప్పాను. గుర్తింపు దాచడం గురించి చెప్పాను. మొదటి అధ్యాయంలోని ఆ ఒక్క వాక్యం చూపించాను. నా గొంతు డిబేట్ వేదిక మీది గొంతులాగా పైకి లేవడం నాకే వినిపించింది. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు. అయితే మీరే మార్చి రాసిన్రు, మార్చినోళ్లే వచ్చి ఇదిగో అసలుదని చెప్తే రేపు పై ఆఫీసులో నేనేం జవాబు చెప్పాలె అని అడిగాడు. రికార్డింగులు ఉన్నాయా అని అడిగాడు. చెరిపేశానన్నాను. ఫొటోలు? తీయకూడదన్నాను. ఆమె సంతకం పెట్టిన కాగితం? అదీ లేదన్నాను. ప్రతి జవాబూ నిజమే. ప్రతి నిజమూ ఆమెను ఆ కుర్చీలో కాస్త కిందికి నొక్కింది.

నా జీవితంలో అవతలి పక్షం వాదన నా వాదన కన్నా బలంగా ఉన్న సందర్భాలు చాలానే ఉన్నాయి. అప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పగలిగాను. ఆ గదిలో మాత్రం ఆయన చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసేశాను. ఆయన స్థానంలో నేనున్నా అదే ప్రశ్న వేసేదాన్ని.

లేచేటప్పుడు ఆయనే అన్నాడు, ఏదన్న ఒక్క ఫొటో తెండ్రి అని. సర్వే ముందటిది కావాలి, తారీఖు కనబడాలి, ఆమె గానీ ఆమె పెట్టె గానీ ఆ షట్టర్ ముందు కనబడాలి. ఒక్కటి చాలన్నాడు.

ప్రొఫెసర్‌కు రాశాను. వెంటనే జవాబిచ్చింది, చాలా బాధపడుతూ. నా పరిశోధన హైదరాబాదులో జరిగిందని యూనివర్సిటీ తరఫున లేఖ ఇవ్వగలనంది. కాని ఆ మనిషి పేరూ ముఖమూ తనకు తెలియవు, ఆమె గురించి తను విన్నదంతా నా నోటి నుంచే కదా అంది. అది నిజం. తెలిసినది నా ఒక్కదానికే. అలా ఉండాలన్నదే నియమం. నా ఫోన్‌లో ఆ వానాకాలపు ఫొటోలన్నీ వెతికాను. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ కప్పులు, నీళ్లు నిండిన రోడ్డు, చాయ్ గ్లాసు పట్టుకున్న నా చెయ్యి. ఒక్క ఫొటోలో మూలకు నీలం టార్పాలిన్ అంచు ఉంది. తీసుకెళ్లి చూపించాను. టార్పాలిన్ అందరిదీ నీలమే కదా మేడమ్ అన్నాడు ఆయన, మెత్తగానే. ఒక వానాకాలమంతా ఆమె పక్కన కూర్చుని, కెమెరా ఆమె వైపు తిరగకుండా నేను ఎంత జాగ్రత్త పడ్డానో ఆ ఫొటో చెబుతోంది.

ఇక మిగిలింది ఒకే దారి అనుకున్నాను. ఆమె గురించి ఆమె పేరుతో రాద్దాం, పత్రికలో వేయిద్దాం, అప్పుడు అడిగినట్టే ఇప్పుడు పేరు అచ్చులో వస్తుంది అని ఆశగా వెళ్లి చెప్పాను. ఆమె సంచిలోంచి ఒక చక్రం తీసి, దుమ్ము ఊది, దాన్ని వేలి మీద తిప్పింది.

"ఇప్పుడొద్దు బిడ్డా. దసరా లోపల తేలుస్తం అన్నరు. పేపర్ల పేరొస్తే సార్లకు కోపమొస్తది. జర ఆగుదాం."

అప్పుడు నాకు పేరు రాయకూడదు, ఆమెకు రావాలి. ఇప్పుడు నాకు రాయాలి, ఆమెకు రాకూడదు. నాణెం ఎవరు ఎగరేశారో తెలియదు గాని మేమిద్దరం పక్షాలు మారిపోయాం. ఎవరి నుంచి దాస్తున్నారని ఆమెను నేను ఎదురు ప్రశ్నించలేదు. ఎవరి నుంచో ఇద్దరికీ తెలుసు. ఇన్నాళ్లూ నేను వాదించినదే ఆమె ఇప్పుడు నాకు చెబుతోంది. గెలిచినట్టు లేదు.

ఈ కథ, మీరు చదువుతున్నది చదువుతున్నట్టుగా, అచ్చుకు ఇచ్చేముందు ఆమెకు వినిపించాను. సూట్‌కేసులు ఉండనిమ్మంది. షట్టర్ ఉండనిమ్మంది. నన్ను మళ్ల మొగోన్ని చెయ్యకు అంది. పేరు మాత్రం లేదు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే రోడ్డులో మీరు ఎప్పుడైనా నిలబడి ఫొటో తీసుకుని ఉంటే, రైలెక్కే ముందు సామాన్ల పక్కన నవ్వుతూ వీడియో తీసుకుని ఉంటే, వినాయక నిమజ్జనం ఊరేగింపు అటుగా పోతున్నప్పుడు ఫోన్ పైకెత్తి పట్టుకుని ఉంటే, దయచేసి ఇవాళ ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. మీరు చూడవలసింది మీ ముఖాలను కాదు, వాటి వెనక ఉన్నదాన్ని. మూతపడిన ఫొటో స్టూడియో షట్టర్, స్తంభానికి గొలుసుతో కట్టిన ఇనుప పెట్టె, తాడుకు వేలాడే చక్రాలు. పండగ నాడు ఆమె దుకాణం తెరిచేది కాదు గాని, పెట్టె అక్కడే ఉండేది.

దొరికితే నాకు పంపవద్దు. నా చేతి మీదుగా వెళ్లినది ఇక రుజువు కాదు. రోడ్డుకు ఇవతలి పక్క, చేతిసంచితో నిలబడి, అవతలి షట్టర్ వైపు చూస్తూ ఉండే పెద్దావిడ దగ్గరికి మీరే తీసుకువెళ్లండి. ఆమె పేరు అడగండి. అచ్చులో వద్దంది గాని, ఎదురుగా నిలబడి అడిగినవారికి ఇంటిపేరుతో సహా చెబుతుంది. ఆమెతోపాటు ఆ ఆఫీసు మెట్లు ఎక్కి, ఈ ఫొటో నేనే తీశానని మీ నోటితో చెప్పండి. దసరా దాటక ముందే వెళ్లండి. ఫొటోను కత్తిరించి అందంగా చేయకండి. తారీఖు చెరిగిపోకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వండి.